మాట విప్పి చదువుదాం – 5వ పాఠం: జంతువుకి మూడు పేర్లు

కిందటి పాఠం చివర రెండు మాటలిచ్చి విప్పి చూడమన్నాను. ముందు వాటి సంగతి చూద్దాం.

థర్మామీటర్‌లో ‘థెర్మోస్’ అంటే వేడి, ‘మెట్రోన్’ అంటే కొలత. ఇంతవరకు చాలామందికి వచ్చే ఉంటుంది. ఇంకొంచెం లోపలికి వెళ్తే, థెర్మోస్‌కి సంస్కృతంలో తోబుట్టువు ‘ఘర్మ’. చెమటని ఘర్మజలం అంటాం కదా, ఆ ఘర్మమే. మెట్రోన్‌కి తోబుట్టువు ‘మాత్ర’, పద్యం చదివేటప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టే మాత్ర. రెండో మాట హైడ్రోఫోబియాలో ‘హుదోర్’ నీరు, ‘ఫోబోస్’ భయం. రేబిస్ ముదిరిన మనిషికి నీళ్ళు మింగబోతే గొంతు బిగుసుకుపోతుంది. చివరికి గ్లాసు దగ్గరికి తెచ్చినా వణికిపోతాడు. అందుకే ఆ జబ్బుకి ఆ పేరు వచ్చింది.

ఈ పాఠానికి కారణం మా దగ్గర ట్యూషన్‌కి వచ్చే ప్లస్ టూ అమ్మాయి. బరంపురంలో మన తెలుగు పిల్లల చదువు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు. ఆ రోజు ఆ అమ్మాయి మూడు పుస్తకాలు బల్ల మీద పరిచింది. కాలేజీది ఇంగ్లీషు పుస్తకం, అట్ట మీద ‘జువాలజీ’. స్నేహితురాలి దగ్గర అడిగి తెచ్చుకున్నది ఒడియా పుస్తకం, దాని మీద ‘ప్రాణీ విజ్ఞాన’. మూడోది ఇచ్ఛాపురంలో ఉన్న వాళ్ళ మావయ్య పంపిన తెలుగు అకాడమీ పుస్తకం, దాని మీద ‘జంతుశాస్త్రం’.

‘‘మాస్టారూ, ఈ మూడూ ఒకటే సబ్జెక్టు కదా. మరి మూడింట్లో ఒక్క అక్షరం కూడా కలవదేం?’’ అంది.

అప్పటికి ఏదో చెప్పి పంపాను గానీ, ఆ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు. మూడు పేర్లూ విప్పితే ఒక్కొక్క పేరు జంతువుని ఒక్కో వైపు నుంచి చూపిస్తుంది. ఒకటి బతికేది అంటుంది, ఒకటి ఊపిరి పీల్చేది అంటుంది, ఒకటి పుట్టేది అంటుంది. ఒక్క భాషే చదువుకున్న పిల్లలకి ఈ మూడూ ఒకేసారి బల్ల మీదికి రావు. మన సరిహద్దు పిల్లలకి వస్తాయి. భాషలు ఎక్కువై చదువు చెడుతోందని దిగులుపడే అమ్మానాన్నలు ఈ పాఠం పిల్లల పక్కన కూర్చుని చదవాలని నా కోరిక.

బతికేది

జువాలజీతో మొదలుపెడదాం. ఇది గ్రీకు ముక్కలతో కట్టిన మాట. గ్రీకులో ‘జోఓన్’ అంటే జంతువు, ‘లోగోస్’ అంటే మాట, వివరణ, తర్కం. మాట గ్రీకుదే అయినా దాన్ని ఇలా ఒక శాస్త్రానికి పేరుగా అతికించింది 17వ శతాబ్దపు యూరప్ పండితులు, లాటిన్ పుస్తకాల్లో. క్రీస్తుకి పూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ చేపల్నీ, తేనెటీగల్నీ, కోడిగుడ్డులో పిల్ల ఎదిగే తీరునీ దగ్గరుండి చూసి రాశాడు. జాలర్లనీ వేటగాళ్ళనీ అడిగి తెలుసుకున్నాడు. అంటే శాస్త్రం ముందు పుట్టింది, పేరు రెండు వేల ఏళ్ళ తర్వాత వచ్చింది.

ఇక్కడ ఒక పొరపాటు దిద్దుకోవాలి. మన పిల్లలు ఈ మాటని ‘జూ’, ‘ఆలజీ’ అని విరుస్తారు. ‘ఆలజీ’ అంటే శాస్త్రం అనీ, ‘జూ’ అంటే జూపార్కులో జూ అనీ చెబుతారు. రెండూ తప్పే. సరైన విరుపు ఇది: ‘జో’, తర్వాత ‘ఒ’, తర్వాత ‘లజీ’. ‘జో’ జంతువుది. ‘లజీ’ లోగోస్‌ది. మధ్యలో ఉన్న ‘ఒ’ రెండు ముక్కల్నీ అతికే అచ్చు. బయాలజీలో, జియాలజీలో కూడా ఆ ‘ఒ’ అతుకే. ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు ‘ఓ’లు పక్కపక్కన కనిపించేసరికి కళ్ళు వాటిని ఒకటిగా కలిపి ‘జూ’ అని చదివేస్తాయి. ఇంగ్లీషువాళ్ళలో కూడా ‘జోఆలజీ’ అనేవాళ్ళున్నారు, ‘జూఆలజీ’ అనేవాళ్ళున్నారు. మీరు ఎలా పలికినా ఫర్వాలేదు, విరిచేటప్పుడు మాత్రం సరిగ్గా విరవండి.

‘జూ’ సంగతి కూడా తలకిందులు. జూ నుంచి జువాలజీ రాలేదు, జువాలజీ నుంచే జూ వచ్చింది. 1826లో లండన్‌లో జువలాజికల్ సొసైటీ ఏర్పడింది. 1828లో వాళ్ళ తోట తెరిచారు. అంత పొడుగు పేరు పలకలేక జనం ‘జూ’ అని కత్తిరించేశారు. మన దగ్గర 1960లో భువనేశ్వర్ పక్కన నందన్‌కానన్ పెట్టారు. దాన్ని ఒడియా పత్రికలు ‘ప్రాణీ ఉద్యాన’ అని రాస్తాయి. నందనం ఇంద్రుడి తోట, కాననం అడవి. ఎంత చక్కగా పెట్టారో చూడండి ఆ పేరు.

ఇప్పుడు ‘జోఓన్’ లోపలికి వెళ్దాం. దీని పక్కనే గ్రీకులో ‘జోయె’ అనే మాట ఉంది, ప్రాణంతో ఉండడం అని అర్థం. అంటే జోఓన్ బతికి ఉన్నది. బయాలజీలో ‘బయోస్’ కూడా బతుకే. ఇవి రెండూ చూడ్డానికి పోలిక లేకపోయినా ఒకే వేరు నుంచి వచ్చాయని భాషా శాస్త్రజ్ఞులు తేల్చారు. అదే వేరుకి సంస్కృతంలో మొలిచిన కొమ్మ ‘జీవ’. లాటిన్‌లో మొలిచినది ‘వీటా’, మనం రోజూ మింగే విటమిన్‌లో ఉన్నది అదే. జోఓన్, బయోస్, వీటా, జీవ. నాలుగు వైపులకి పోయిన నలుగురు అన్నదమ్ములు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే వాట్సాప్‌లో దీని మీద చాలా తిరుగుతుంది. ఇలాంటి పోలికలు చూపించగానే, సంస్కృతం నుంచే గ్రీకు పుట్టిందని కొందరు తీర్పు ఇచ్చేస్తారు. అలా కాదు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పింది ఏమిటంటే, ఈ రెండూ లాటిన్‌తో కలిపి ఒకే తల్లి పిల్లలు అని. ఆ తల్లి భాష ఇప్పుడు లేదు. మన తెలుగు అసలు ఆ ఇంటిది కాదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని మద్రాసు కలెక్టరుగా ఉన్న ఎల్లిస్ దొర 1816లో చూపించాడు. జీవం, ప్రాణి, జంతువు మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి. పాము, పులి, తేలు, చేప మన ఇంట్లో పుట్టినవి. తెచ్చుకున్నామని చిన్నబోవక్కర్లేదు, పుట్టాయని గొప్పపోవక్కర్లేదు. ఏది ఎక్కడిదో తెలిస్తే విప్పడం సులువవుతుంది.

ఊపిరి తీసేది, పుట్టేది

ఒడియా పుస్తకం మీద ఉన్న ‘ప్రాణీ’ మనకీ తెలిసిన మాటే. ప్రాణం ఉన్నది ప్రాణి. ప్రాణం అన్న మాటలో ‘ప్ర’ ఉపసర్గ, అంటే ముందు చేరే ముక్క; ‘అన్’ ధాతువు, అంటే మాటకి వేరు. అన్ అంటే ఊపిరి తీయడం. అనిలం అంటే గాలి కదా, అదీ ఇదే ధాతువు. ఇప్పుడు ఇంగ్లీషు ‘యానిమల్’ని పక్కన పెట్టండి. లాటిన్‌లో ‘అనిమా’ అంటే ఊపిరి, ప్రాణం. ఊపిరి ఉన్నది యానిమల్. ‘అన్’, ‘అనిమా’ ఒకే వేరువి. అంటే ఒడియా ‘ప్రాణీ’, ఇంగ్లీషు ‘యానిమల్’ అర్థంలోనే కాదు, పుట్టుకలో కూడా చుట్టాలు. ఇది మొదటిసారి గమనించినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఎక్కడి రోము, ఎక్కడి మన గంజాం జిల్లా ఒడియా బడి!

మన తెలుగు పుస్తకం ‘జంతు’ అంటుంది. ధాతువు ‘జన్’, పుట్టడం. పుట్టినది జంతువు. జననం, జన్మ, జనకుడు, జనని, జనం, ప్రజ, జాతి అన్నీ ఈ ఒక్క ధాతువు సంతానమే. దీనికి గ్రీకు తోబుట్టువు ‘గెనోస్’, లాటిన్ తోబుట్టువు ‘జీనస్’. జువాలజీలో జీవుల్ని వర్గీకరించేటప్పుడు జీనస్, స్పీషీస్ అని చదువుతారు కదా. తెలుగు పుస్తకంలో అవే ప్రజాతి, జాతి. జీనస్‌లోనూ ప్రజాతిలోనూ లోపల ఉన్నది ఒకే పుట్టుక మాట. జీన్, జెనెటిక్స్ కూడా ఈ ఇంటివే.

ఈ పాఠంలో గుర్తుపెట్టుకోవాల్సిన తాళంచెవి ఇక్కడ దొరుకుతుంది. గ్రీకులో ‘గ’ ఉన్నచోట చాలాసార్లు సంస్కృతంలో ‘జ’ ఉంటుంది. గెనోస్‌కి జన్. గ్రీకులో మోకాలు ‘గోను’, సంస్కృతంలో ‘జాను’. చేతులు మోకాళ్ళ దాకా ఉన్నవాడు ఆజానుబాహుడు. గ్రీకులో తెలుసుకోవడం ‘గ్నోసిస్’, సంస్కృతంలో ‘జ్ఞా’. డాక్టరు గారి ‘డయాగ్నోసిస్’లో ఉన్న గ్నోసిస్, ఒడియా పుస్తకం మీద ‘విజ్ఞాన’లో ఉన్న జ్ఞ ఒకటే. ‘ఎప్పుడూ’ అనడం లేదు, ‘చాలాసార్లు’ అంటున్నాను, గమనించండి. తాళంచెవి పట్టిన చోటే తిప్పాలి, పట్టని చోట విరగ్గొట్టకూడదు.

జంతువు మాటకి మొదట్లో ఇప్పుడున్న చిన్నచూపు లేదు. ప్రవచనాల్లో ‘జంతూనాం నరజన్మ దుర్లభం’ అని వింటుంటాం. జంతువుల్లో మనిషి జన్మ దొరకడం కష్టం అని. అంటే అక్కడ మనిషి కూడా జంతువుల్లో ఒకడే. గీత ఐదో అధ్యాయంలో అజ్ఞానం కమ్మి మోహంలో పడేవాళ్ళని ‘జంతవః’ అంది. అది తిట్టు కాదు, పుట్టిన ప్రతి జీవీ అని అర్థం. జువాలజీ పుస్తకం మనిషిని కోతి పక్కన కూర్చోబెట్టిందని ఎవరైనా నొచ్చుకుంటే ఈ రెండు మాటలు చూపించండి.

మృగం అంటే ఏది?

ఇది నా చిన్నప్పటి సంగతి. ఒడియా బడిలో ఎనిమిదో తరగతి. మాస్టారు నల్లబల్ల మీద ‘మృగ’ అని రాసి, దాని గురించి పది వాక్యాలు రాయమన్నారు. నేను రాశాను: మృగం అడవిలో ఉంటుంది, పెద్ద కోరలుంటాయి, మిగతా జంతువుల్ని చంపి తింటుంది. కాగితం తిరిగి వచ్చినప్పుడు మొత్తానికి అడ్డంగా ఎర్ర గీత ఉంది. పక్కవాడి కాగితంలో మృగం గడ్డి తింటోంది, దానికి కొమ్ములున్నాయి, పరుగెత్తుతోంది. వాడికి పదికి ఎనిమిది. ఒడియాలో మృగ అంటే జింక. మామూలు మాటల్లో ‘మిరిగ’ అంటారు. మన తెలుగులో మృగం అంటే క్రూర జంతువు, మనిషిని తిట్టడానికి కూడా వాడతాం. ఇంటికొచ్చి ఏడ్చాను. తప్పు నాదీ కాదు, మాస్టారిదీ కాదు, మాటది అని చెప్పేవాళ్ళు ఆ రోజు ఎవరూ లేరు.

ఇప్పుడు చెప్పగలను. వేదకాలంలో మృగం అంటే అడవిలో తిరిగే ఏ జంతువైనా. ఋగ్వేదంలో ఏనుగుని ‘మృగ హస్తిన్’ అన్నారు, చేయి ఉన్న మృగం అని. తొండాన్ని చేయి అనుకున్నారు. తర్వాత ‘మృగ’ రాలిపోయి ‘హస్తి’ మిగిలింది. సింహం మృగరాజు, అంటే జింకల రాజు కాదు. ఖడ్గమృగం జింక కాదు. ఇవన్నీ పాత అర్థానికి సాక్ష్యాలు. కాలం గడిచేకొద్దీ, వేటాడేవాళ్ళకి ఎక్కువగా దొరికే జంతువు మీదికి ఆ మాట జారింది. అదే జింక. మృగశిర నక్షత్రం జింక తల. చంద్రుడు మృగాంకుడు, ఒంటి మీద జింక గుర్తున్నవాడు. ఒడియా ఈ రెండో అర్థాన్ని పట్టుకుంది. తెలుగు మొదటిదాన్ని పట్టుకుని దానికి కోరలు తగిలించింది. మన పల్లెల్లో ఒకప్పుడు వాడిన ‘మెకం’ కూడా మృగమే, నాలుక మీద అరిగి అలా అయింది.

ఇంగ్లీషులోనూ అచ్చం ఇలాగే జరిగింది. ‘డీర్’ అంటే వెయ్యేళ్ళ కిందట ఏ జంతువైనా. జర్మన్‌లో దాని తోబుట్టువు ‘టీర్’ ఇప్పటికీ జంతువే. ఇంగ్లీషులో మాత్రం జింకకి కుదించుకుపోయింది. గంగా తీరంలోనూ థేమ్స్ తీరంలోనూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, అడవి జంతువు అన్న మాట జింక అయిపోయింది.

మన గంజాం జిల్లాలో భేట్నాయి చుట్టుపక్కల పొలాల్లో కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. ఒడియాలో వాటిని ‘కృష్ణసార మృగ’ అంటారు. అవి చేలో అడుగుపెడితే పంట బాగుంటుందని అక్కడి రైతుల నమ్మకం, అందుకే ఎవరూ వాటి జోలికి పోరు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. వరిచేల గట్టు మీద మెలికలు తిరిగిన కొమ్ములతో నల్లటి పోతు నిలబడి ఉంటే, ‘మృగం’ అన్న మాటలో కోరలు ఎలా ఊడిపోయాయో వేరే చెప్పక్కర్లేదు. దాని శాస్త్రీయ నామం ఆంటిలోప్ సెర్వికాప్రా. అందులో ‘సెర్వికాప్రా’ అన్న ముక్కని 1758లో లిన్నేయస్ పెట్టాడు. లాటిన్‌లో ‘సెర్వుస్’ దుప్పి, ‘కాప్రా’ మేక. ఎంతటి శాస్త్రజ్ఞుడైనా కొత్త జంతువుని తెలిసిన జంతువుతో పోల్చుకునే పేరు పెట్టాడు, మనం నీటిగుర్రం అన్నట్టే.

పశువు గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటే చెబుతాను. మా మామ్మ సాయంత్రం పూట నన్ను పిలిచి ‘‘సొమ్ములికి కుడితి ఎట్టావేట్రా?’’ అని అడిగేది. శ్రీకాకుళం వైపు నుంచి బరంపురం దాకా మన పల్లెల్లో ఆవులూ గేదెలూ సొమ్ములే. డబ్బూ సొమ్మే. సంస్కృతం ‘పశు’కి లాటిన్ తోబుట్టువు ‘పెకుస్’, పశువుల మంద అని అర్థం. ఆ పెకుస్ నుంచి ‘పెకూనియా’ వచ్చింది, అంటే డబ్బు. ఇంగ్లీషులో మనం కట్టే ‘ఫీజు’ ముందున్న ‘ఫీ’ కూడా పాతకాలంలో పశువుల్ని చెప్పిన మాటతో చుట్టరికం ఉన్నదే. రోమన్లది మామ్మకి తెలియదు. పాడి ఉన్నవాళ్ళ ఇంట్లో ఎక్కడైనా మాట ఒకే దారిన నడుస్తుంది. అన్నట్టు, మన పల్లెల్లో గొర్రెల్నీ మేకల్నీ ‘జీవాలు’ అంటారు. జీవం అంత పెద్ద మాట, మందలో మేకకి పేరైంది.

విప్పడం ఒకటి, నిర్వచించడం ఒకటి

ఇంతవరకు చదివి, జువాలజీ అంటే బతికి ఉన్నవాటి గురించిన మాట అని పరీక్షలో రాస్తే మార్కులు రావు. రాకూడదు కూడా. చెట్టు కూడా బతికే ఉంది, మరి అది జువాలజీలోకి రాదు. ఈ చిక్కు అరిస్టాటిల్‌కే ఎదురైంది. మొక్కలకి బతుకు ఉంది గానీ తాకితే తెలియడం, నొప్పి తెలియడం లేదు, ఆ తెలివి ఉన్నదే జోఓన్ అని ఆయన గీత గీశాడు. ఇప్పటి శాస్త్రం ఇంకోలా గీస్తుంది: చాలా కణాలు ఉండాలి, కణానికి మొక్కల్లా గోడ ఉండకూడదు, తన ఆహారాన్ని బయటి నుంచి తినాలి. ఈ లెక్కన సముద్రపు స్పంజిక జంతువు, పగడం జంతువు, చీమ జంతువు, చేప జంతువు. ప్రోటోజోవా పేరులో ‘జోవా’ ఉన్నా, అంటే ‘మొదటి జంతువులు’ అని పేరు పెట్టినా, ఒకే కణం ఉన్నాయి కాబట్టి ఇప్పుడు వాటిని జంతువుల్లో లెక్కపెట్టరు. పేరు పాతది, నిర్వచనం కొత్తది.

మన వాడుక మాట ఇంకా ఇరుకు. పిల్లల్ని అడిగి చూడండి, చేప జంతువా అని. ‘‘కాదు, చేప చేపే’’ అంటారు. వాళ్ళకి జంతువు అంటే నాలుగు కాళ్ళూ తోకా ఉండాలి. పామునైతే పెద్దవాళ్ళు రాత్రిపూట పేరు కూడా పలకరు, ‘పురుగు’ అంటారు. కాబట్టి పిల్లలకి జువాలజీ మొదలుపెట్టేటప్పుడు మొదటి అరగంట ఇది మాట్లాడాలి: మన వీధిలో జంతువు వేరు, పుస్తకంలో జంతువు వేరు. ఇది తేల్చకుండా వర్గీకరణలోకి దూకితే ఏడాదంతా టెన్షనే.

చివరి ముక్కలు కూడా చూసేద్దాం. లోగోస్ అంటే చెప్పడం. శాస్త్రంలో ‘శాస్’ అంటే ఆజ్ఞాపించడం, నేర్పడం. శాసనం, శిష్యుడు అక్కడివే. విజ్ఞానంలో ‘వి’ విడిగా, ‘జ్ఞా’ తెలుసుకోవడం. నాకు మూడింట్లో విజ్ఞానమే బాగుంటుంది. విడదీసి తెలుసుకోవడం కంటే జువాలజీ చేసే పని ఏముంది? ఈ విషయంలో ఒడియావాళ్ళ ఎంపికకే నా ఓటు.

సముద్రం ఒడ్డున

ఇంటి దగ్గర నేర్చుకున్నది బయట వాడకపోతే నిలవదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట, పోడంపేట దగ్గర, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. కొన్నేళ్ళు వేలకి వేలు ఒకేసారి వస్తాయి. అక్కడి తెలుగు జాలర్లని ఒడియావాళ్ళు నోలియాలు అంటారు. ఒక తెల్లవారుజామున నేనూ నలుగురు పిల్లలూ ఇసుకలో దూరంగా కూర్చున్నాం. ఒక తాబేలు వెనక కాళ్ళతో గొయ్యి తవ్వుతోంది. కుడి కాలితో ఒక చెంచాడు ఇసుక తీసి పక్కకి పెడుతుంది, తర్వాత ఎడమ కాలు, మళ్ళీ కుడి. ఎక్కడా తొందర లేదు. కళ్ళ నుంచి జిగురుగా నీళ్ళు కారుతున్నాయి. ‘‘ఏడుస్తోందేటి మాస్టారూ?’’ అని గుసగుసగా అడిగాడొకడు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని కంటి దగ్గరి గ్రంథులు బయటికి పంపుతాయని చెప్పాను. మా వెనక నిలబడ్డ జాలరి తాత ‘‘నాను పుట్టినకాడి నుంచీ సూస్తన్నాను బాబూ, గుడ్లెట్టినప్పుడల్లా ఏడస్తాది’’ అన్నాడు.

అక్కడే పాఠం చెప్పుకున్నాం. దాని పేరు లెపిడోకెలిస్ ఒలివేసియా. ‘కెలిస్’ గ్రీకులో తాబేలు. ‘లెపిస్’ పొలుసు. ‘ఒలివేసియా’ లాటిన్, ఆలివ్ కాయ రంగుది. లెపిస్ తెలిసిందంటే ‘లెపిడాప్టెరా’ తెలిసినట్టే. అది సీతాకోకచిలుకల వర్గం పేరు. ‘ప్టెరోన్’ రెక్క. వేలికి అంటుకునే ఆ రంగు పొడి నిజానికి చిన్న చిన్న పొలుసులే. ఇంకో అడుగు వేద్దాం. ప్టెరోన్‌కి సంస్కృతంలో తోబుట్టువు ‘పత్రం’. ధాతువు ‘పత్’, ఎగరడం. పత్రానికి మొదటి అర్థం ఈక, రెక్క. తర్వాత చెట్టుకున్న ఆకు, ఆ తర్వాత రాసే కాగితం. పక్షికి పతత్రి అనే పేరుంది కదా. ఇప్పుడు హెలికాప్టర్‌ని విప్పండి. ‘హెలి’, ‘కాప్టర్’ అని కాదు. ‘హెలికో’, ‘ప్టెర్’. హెలిక్స్ అంటే మెలి, ప్టెర్ అంటే రెక్క. మెలి తిరిగే రెక్క. పిల్లల్లో ఒకడు ‘‘అయితే హెలికాప్టర్‌లో పత్రం ఉందన్నమాట’’ అన్నాడు. ఉంది.

ఇక రెండో తాళంచెవి. గ్రీకులో మొదట ‘హ’ ఉన్నచోట చాలాసార్లు సంస్కృతంలో ‘స’ ఉంటుంది. ‘హెప్టా’కి సప్త. పాములూ బల్లులూ తాబేళ్ళూ కప్పలూ చదివే శాఖ పేరు హెర్పెటాలజీ. ‘హెర్పెటోన్’ అంటే పాకేది. హ తీసి స పెట్టండి: సెర్ప్. సర్పం! పాకేది కాబట్టే సర్పం. ఇంగ్లీషు ‘సర్పెంట్’ లాటిన్ దారిలో వచ్చింది, అక్కడ స చెక్కుచెదరలేదు. కీటకాల శాఖ ఎంటమాలజీకి మాత్రం ఈ తాళాలు పట్టవు, అక్కడ కత్తి కావాలి. ‘ఎన్’ లోపలికి, ‘టోమ్’ కోత. చీమ నడుము చూడండి, లోపలికి కోసినట్టు ఉంటుంది. లాటిన్‌వాళ్ళు ఆ మాటనే ముక్కకి ముక్క మార్చి ‘ఇన్‌సెక్టుమ్’ చేశారు, అదే ఇన్‌సెక్ట్.

చిలికా సరస్సులో సాతపడా వైపు పడవెక్కినవాళ్ళు ఇరావడి డాల్ఫిన్‌ని చూసే ఉంటారు. ముక్కు పొడుచుకురాని గుండ్రటి తల. దాని పేరు ఒర్కేలా బ్రెవిరోస్ట్రిస్. లాటిన్‌లో ‘బ్రెవిస్’ పొట్టి, ‘రోస్ట్రుమ్’ ముక్కు. పేరులో ఇరావడి నది బర్మాది గానీ, శాస్త్రానికి ఈ జంతువు మొదట తెలిసింది మన విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన ఒక డాల్ఫిన్ వల్ల. దాన్ని చూసి 1866లో వర్ణించినవాడు రిచర్డ్ ఓవెన్. 1842లో ‘డైనోసార్’ అనే మాట కట్టింది కూడా ఆయనే: ‘డైనోస్’ భయంకరమైన, ‘సౌరోస్’ బల్లి.

మన ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు కొండల్లోని సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు తయారుచేశారు. సవర అటు సంస్కృతం ఇంటిదీ కాదు, ఇటు తెలుగు ఇంటిదీ కాదు, ముండా భాషల ఇంటిది. మీ ఊళ్ళో సవర మాట్లాడే స్నేహితులుంటే పులినీ, పామునీ, జింకనీ ఏమంటారో అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. మన మూడు పుస్తకాల పక్కన నాలుగో వరస అవుతుంది.

వచ్చే పాఠానికి నాలుగు మాటలు: ఆక్టోపస్, హిప్పొపొటమస్, రైనోసెరాస్, జోడియాక్. ఆక్టోపస్‌లో అష్టాన్నీ పాదాన్నీ వెతకండి. హిప్పొపొటమస్‌కి పైన ఒక తెలుగు మాట వాడేశాను, అదే జవాబు. రైనోసెరాస్‌లో ‘రినోస్’ ముక్కు, మిగతాది మీరు చెప్పాలి. జోడియాక్‌కి మాత్రం ఇంట్లో ఉన్న పంచాంగం తీసి రాశిచక్రం బొమ్మ ముందు పెట్టుకోండి. మేషం, వృషభం, కర్కాటకం, సింహం, వృశ్చికం, మీనం వేలితో లెక్కపెట్టి, ఈ రోజు నేర్చుకున్న ‘జోఓన్’ ఆ చక్రంలో ఎక్కడ దాక్కుందో కనిపెట్టండి.